మంచూరియా చేసేటోడు ఏ ఊరోడైతే ఏంది?

మా మండల కేంద్రంల బస్టాండు ఎదురుంగ ఒక ఫాస్ట్ ఫుడ్ సెంటర్ ఉన్నది. ఫ్లెక్సీ మీద డ్రాగన్ బొమ్మ, దాని పక్కపొంటి 'ఒరిజినల్ చైనీస్' అని రాసి ఉంటది. పొయ్యి కాడ ఉండేది ఒడిశా పిలగాడు. పోయిన నెల ఆడ నిలబడి నూడుల్స్ తింటుంటె ఇద్దరు డిగ్రీ పోరగాళ్లు లొల్లి పెట్టుకున్నరు. ఒకడేమో "చైనీస్ అని బోర్డు పెట్టి ఒడిశా ఆయనతోని వండిచ్చుడు మోసం కాదా?" అన్నడు. ఇంకోడు "నాలుకకు రుచి తెలుస్తది గని ఆధార్ కార్డు తెలుస్తదారా?" అన్నడు. నాకు నవ్వొచ్చింది. గని ఈ ముచ్చట నాకు ఉత్త నవ్వులాట కాదు. దీని మీదనే నేను ఒక కొలువు ఇడిసిపెట్టిన. నా దోస్తు ఒకడు నాకంటె ఎక్కువనే పోగొట్టుకున్నడు.

ఇంటర్ తప్పినంక నేను హైదరాబాద్ పోయి ఒక చైనీస్ రెస్టారెంట్ల హెల్పర్‌గ చేరిన. పేరు ఇప్పుడు అవసరం లేదు. లోపల ఎర్ర లాంతర్లు, గోడల మీద చైనా అక్షరాలు. ఆ అక్షరాలకు అర్థమేందో మా ఓనర్‌కు గూడ తెల్వదు. వంటింట్ల నేను, ఇద్దరు ఒడిశా అన్నలు, డార్జిలింగ్ నుంచి వచ్చిన మాస్టర్. బయట టేబుళ్ల కాడ మాత్రం అందరు మణిపూర్, మిజోరం, నేపాల్ పిలగాళ్లే. ఇది యాదృచ్ఛికంగ అయింది కాదు, ఓనర్ ఏరి ఏరి పెట్టుకున్నడు. "కస్టమర్ లోపలికి రాంగనే చైనాకు వచ్చినట్టు అనిపియ్యాలె" అనేటోడు.

మణిపూర్ తమ్ముడు నా రూమ్మేట్. ఇంట్ల వాళ్లు తినేది అన్నం, చేపలు. ఇరోంబా అని ఒకటి చేస్కుంటరు. కూరగాయలు ఉడకబెట్టి, మిరపకాయలు, పులియబెట్టిన చేప వేసి మెత్తగ నూరుతరు. ఒకసారి రూముల చేసి పెడితె నాకు మా అమ్మమ్మ ఎండు చేపల తొక్కు యాదికొచ్చింది. చైనా గురించి ఆయనకు ఎంత తెలుసో నాకూ అంతే తెలుసు. మంచూరియా అయితె ఆయన గూడ నా లెక్కనే సిటీకి వచ్చినంక మరిగిండు. గని కస్టమర్లు వచ్చి "ఇందుల అసలు చైనా వంట ఏది?" అని ఆయన్నే అడుగుదురు. ఆయన లోపలికి వచ్చి నన్ను అడుగు. నేను మాస్టర్‌ను అడుగుదును. డార్జిలింగ్ మాస్టర్ ఏది చెప్తె అది చైనా వంట.

రెండేండ్లల్ల నేను మాస్టర్ చేతికింద పని నేర్చిన. కడాయి పొగ వచ్చేదాంక కాగాలె, మంట తగ్గియ్యద్దు, ఎల్లిపాయ మాడకముందే ఉల్లిగడ్డ పడాలె, సాస్ కడాయి అంచు మీదికెళ్లి పొయ్యాలె, కార్న్‌ఫ్లోర్ నీళ్లు ఆఖరుకు. మాస్టర్ లేని దినం నేనే నడిపిచ్చేటోన్ని, ఒక్క ప్లేటు వాపస్ రాకపోతుండె. అప్పుడే హాల్‌ల అద్దాల వెనుక లైవ్ కౌంటర్ పెట్టిన్రు. నన్ను పెట్టమని అడిగిన. జీతం ఎక్కువ, టిప్పులు వేరే. ఓనర్ నన్ను కిందికి మీదికి చూసి "నీ మొఖం చూస్తె ఎవడన్న చైనీస్ అనుకుంటడా?" అన్నడు. కడాయి పట్టుడు రాని మిజోరం పిలగాన్ని తెచ్చి ఆడ నిలబెట్టిండు. లోపల నేను వండాలె, బయట ఆయన కడాయి ఊపాలె. పాపం ఆయనకు గూడ అది ఇష్టం లేకుండె.

2020 మార్చిల కరోనా ముచ్చట మొదలైంది. ఏ మొఖం కావాలని ఓనర్ ఏరి తెచ్చుకున్నడో ఆ మొఖం చూసి కస్టమర్లు దూరం జరగవట్టిన్రు. ఒకాయనైతె మణిపూర్ తమ్మున్ని నోటికొచ్చినట్టు తిట్టి ప్లేటు నూకిండు. తెల్లారి ఓనర్ ఆ తమ్మున్ని పిలిచి "కొన్ని దినాలు రాకు, గిరాకీ పోతది" అన్నడు. అది మా ఒక్క హోటల్ల అయింది గాదు. ఈశాన్య రాష్ట్రాలోళ్లను దేశంల శానా చోట్ల గట్లనే సతాయిస్తున్నరని కేంద్ర హోం శాఖ ఆ నెలలనే రాష్ట్రాలకు లెటర్ రాయవలసి వచ్చింది. నేను ఓనర్‌తోని లొల్లి పెట్టుకోని బయటికొచ్చిన. నా మొఖం చైనా మొఖం కాదని నాకు కౌంటర్ ఇయ్యలే, ఆయనది చైనా మొఖమని ఆయనకు కొలువు లేకుంట చేసిండు. రెండూ ఒక్కటే రూలు.

ఇంతకు ఆ మంచూరియా ఎవలది? మంచూరియా అనేది చైనాకు ఈశాన్యంల ఉన్న ప్రాంతం పేరు. ఆ ప్రాంతపోళ్లకు మన గోబీ మంచూరియా తెల్వదు. దాన్ని పుట్టిచ్చిండని పేరున్నది నెల్సన్ వాంగ్‌కు. కలకత్తల పుట్టిన చైనా కుటుంబపు మనిషి. 1975ల బొంబాయి క్రికెట్ క్లబ్ ఆఫ్ ఇండియాల వంట చేస్తుంటె ఎవరో కొత్తది ఏమన్న పెట్టమన్నరట. అల్లం, ఎల్లిపాయ, పచ్చిమిరపకాయలు మన తీరుగ వేసి, గరం మసాలా జాగల సోయా సాస్ పోసిండు. అంటె అది చైనాలది కాదు, ఉత్త ఇండియాది గూడ కాదు. ఈడ పుట్టి పెరిగిన ఒక చైనా ఇంటి బిడ్డ చెయ్యి అది.

ఆ కుటుంబాల ముచ్చట మన పోరగాళ్లకు ఎక్కువ తెల్వదు. కలకత్తల హక్కా అనే చైనా జాతి వాళ్లు తరాల నుంచి ఉన్నరు. టాంగ్రా అనే బస్తీల తోళ్ల పని చేస్కుంట, హోటళ్లు నడుపుకుంట బతికిన్రు. మనం తినే హక్కా నూడుల్స్ పేరు వాళ్లదే. 1962ల చైనాతోని యుద్ధం వచ్చింది. చైనా సంతతోళ్లను, ఈడ పుట్టినోళ్లను గూడ, దాదాపు 3000 మందిని పట్టుకపోయి రాజస్థాన్‌ల దేవ్లీ క్యాంపుల పెట్టిన్రు. కొంతమందిని ఏండ్ల తరబడి ఉంచిన్రు. ఇడిసినంక గూడ మస్తుమంది దేశం ఇడిసి పోయిన్రు. వాళ్ల వంట మాత్రం ఊరూరికి పాకింది. 'ఒరిజినల్ చైనీస్' ఫ్లెక్సీ చూసినప్పుడల్ల నాకు దేవ్లీ యాదికొస్తది. వంట కావాలె, వండినోడు వద్దంటె ఎట్ల?

లండన్ ముచ్చట ఇంకో తీరు. ఆడ 'ఇండియన్ రెస్టారెంట్' అని బోర్డున్న హోటళ్లల్ల ఎక్కువ శాతం నడిపిచ్చేది బంగ్లాదేశ్‌ల సిల్హెట్ వాళ్లు. ఓడల్ల బొగ్గు వేసే పనికి పోయి, రేవుల దిగి, మెల్లమెల్లగ హోటళ్లల్ల కుదురుకున్నరు. 1971 తర్వాత వాళ్ల దేశమే వేరైంది గని బోర్డు మారలే. 2001ల బ్రిటన్ విదేశాంగ మంత్రి రాబిన్ కుక్ చికెన్ టిక్కా మసాలా బ్రిటన్ జాతీయ వంటకం అని ప్రసంగంల చెప్పిండు. మరి అది ఎవలది? పంజాబ్ పేరు, సిల్హెట్ చెయ్యి, ఇంగ్లీషోని నోరు. మనోళ్లు ఆడికి పోయి "వీళ్లు ఇండియన్లే కాదు" అని ముక్కు ఇరుస్తరు. వాళ్లు ఆ పొయ్యి కాడ నిలబడకపోతె మన కూర పేరు ఆ దేశంల అన్ని గల్లీలకు పోతుండెనా?

ఇందుల ఇంకో మెలిక గూడ ఉన్నది. కొత్తగ పరాయి దేశం పోయి, భాష రాక, చిన్న హోటల్ పెట్టుకున్నాయన తన మేనల్లున్ని పనిల పెట్టుకుంటడు. అది బతుకుదెరువు. దాన్ని, పెద్ద పెట్టుబడి పెట్టినాయన షో కోసం మొఖాలు ఏరుకునుడును నేను ఒక్క గాటన కట్ట.

చట్టాలు దీన్ని ఎట్ల చూసినయో గూడ తెలుసుకోవాలె. బ్రిటన్‌ల 1976 రేస్ రిలేషన్స్ యాక్టుల జాతి చూసి కొలువు ఇయ్యద్దని పెట్టిన్రు గని, హోటళ్లకు ఒక సందు ఇడిసిన్రు. తినే జాగకు ఒక ప్రత్యేకమైన వాతావరణం ఉంటె, అసలుతనం కోసం ఆ జాతి మనిషినే పెట్టుకోవచ్చు అన్నరు. చూడున్రి, అండ్ల రుచి మాట లేదు, వాతావరణం మాటనే ఉన్నది. మా ఓనర్ లాంతర్లు ఇవే. 2010ల ఈక్వాలిటీ యాక్ట్ వచ్చి ఆ హోటల్ సందు తీసేసింది. ఇప్పుడు ఫలానా జాతి మనిషే కావాలంటె ఆ పనికి అది నిజంగ అవసరమని ఓనరే రుజువు చెయ్యాలె. అమెరికాల 1964 పౌర హక్కుల చట్టం 15 మంది కంటె తక్కువ లేని కంపెనీలకు వర్తిస్తది. పుట్టిన దేశం విషయంల శానా ఇరుకు మినహాయింపు ఒకటి ఉన్నది. జాతి, రంగు విషయంల అది గూడ లేదు.

మన దగ్గర? రాజ్యాంగం 15వ ఆర్టికల్ల హోటళ్లకు, దుకాణాలకు పోకుంట ఎవలనూ కులం, మతం, పుట్టిన జాగ చూసి ఆపద్దని ఉన్నది. అది తినవోయినోనికి. 16వ ఆర్టికల్ సర్కారు కొలువులకు. అంటరానితనం పేరు మీద పని ఇయ్యకపోతె 1955 పౌర హక్కుల రక్షణ చట్టం ఉన్నది. గని ప్రైవేటు హోటల్ల "నీ మొఖం పనికిరాదు" అంటె పట్టుకునేటందుకు అన్నిటికి కలిపి ఒక్క చట్టం లేదు. నేను ఎవలకు ఫిర్యాదు చేద్దును?

మన తాన ఈ అసలుతనం ముచ్చట ఆఖరుకు కులం కాడికి వచ్చి ఆగుతది. కొన్ని మెస్సుల బోర్డుల మీద కూర పేరు కన్న కులం పేరు పెద్దగ ఉంటది. పెండ్లి కుదరంగనే "వంటోళ్లు ఎవలు?" అని అడుగుతరు. వంట ఎట్ల చేస్తరని అడుగుడు కాదది. 2004 ఏప్రిల్‌ల సుప్రీంకోర్టు బడి పిల్లల మధ్యాహ్న భోజనం కేసుల వంటోళ్లుగ, హెల్పర్లుగ దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ముందు అవకాశం ఇయ్యాలని చెప్పింది. ఆ మాట చెప్పి పదిహేడేండ్లు అయినంక గూడ, 2021 డిసెంబర్‌ల ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లాల ఒక బడిల దళిత వంటమనిషి వండింది తినమని పై కులాల పిల్లలు కూసున్నరు. ఆమెను తీసేసిన్రు. దేశమంత లొల్లి అయినంక మళ్ల తీసుకున్నరు. 'ఈ వంట ఈ జాతోళ్లే చెయ్యాలె' అన్న మాట లండన్‌ల షోకు లెక్క కనిపిస్తది. ఆ మాటను మన ఊర్లకు తెస్తె అది ఎవల కడుపు మీద పడ్తదో మీకు నేను చెప్పాల్నా?

అట్లని పుట్టి పెరిగిన తీరుకు విలువే లేదని నేను అంట లేను. మా ఊరి చిన్నమ్మ ఒకామె సిటీల తెలంగాణ వంటల హోటల్ల జొన్న రొట్టెలు చేస్తది. వాకిట్ల పొయ్యి, కుండలు, గోడకు గొంగడి. ఆమెను ఆడ కూసోపెట్టిన్రు, వచ్చినోళ్లు ఫోటోలు దిగుతరు. పిండిల నీళ్లు ఎంత వేడుండాలె, రొట్టె పలగకుంట అరచేతుల ఎట్ల తిప్పాలె అన్నది ఆమె ఏడేండ్ల పిల్లప్పటి సంది నేర్చింది. లోపల హోటల్ మేనేజ్‌మెంట్ చదివిన చెఫ్‌కు సర్వపిండికి బొక్కలు ఎందుకు పెడ్తరో ఆమెనే చెప్పింది. గని జీతాల కాగితం మీద ఆమె పోస్టు 'హెల్పర్'. చెఫ్ జీతంల పావల వంతు గూడ రాదు. ఊరి పుట్టుక ఫోటోకు పనికొచ్చింది, జీతానికి పనికిరాలే. నా కొట్లాట దీని మీద. ఆమెకు తెలిసిన పనికి పనితనం లెక్కన పైసలు ఇయ్యి. రేపు బెంగాల్ పిల్ల వచ్చి ఆమె కాడ నేర్చుకోని అంత మంచిగ రొట్టె కొడితె ఆ పిల్లకు గూడ అంతే ఇయ్యి. ఎవలకు ఏం వచ్చో తెలుసుకోవాలంటె పొయ్యి ముట్టించి వండుమను, పది నిమిషాల పని.

హలీం సంగతి చూడున్రి. హరీస్ అని అరబ్బు దేశాల వంట అది. నిజాం ఫౌజుల పనికి వచ్చిన అరబ్బులతోని ఈడికి వచ్చింది, వాళ్లున్న బార్కస్ బస్తీ ఇప్పటికీ ఉన్నది. 2010ల హైదరాబాదీ హలీంకు జీఐ గుర్తింపు వచ్చింది. మాంసం, గోధుమలు, నెయ్యి, వండే పద్ధతి, జాగ ఇవన్ని అండ్ల లెక్కకొస్తయి. గంటె తిప్పేటోని తాత యెమెన్ నుంచి వచ్చిండా అని అడుగరు.

మణిపూర్ తమ్ముడు ఇప్పుడు గువాహటిల చిన్న హోటల్ నడుపుకుంటుండు. పోయిన వానకాలం ఫోన్ చేసిండు. "అన్నా, హైదరాబాద్ బిర్యానీ పెడుదామనుకుంటున్న, నువ్వు ఆడోనివే గదా, దమ్ము ఎట్ల పెడ్తరో చెప్పు" అన్నడు. నేను జగిత్యాల దిక్కోన్ని. మా ఇండ్లల్ల పండుగైనా పెండ్లైనా బగారన్నం, యాట కూర. నాకు చైనా కడాయి ఊపుడు వస్తది గని బిర్యానీకి దమ్ము ఒక్కనాడు పెట్టలే. ఆ మాట చెప్తె ఆయన నమ్మలే, దాస్తున్నవు అన్నడు. ఆఖరుకు మా ఊర్ల పెండ్లిళ్లకు వండే చాచా కాడికి పోయి ఫోన్ చేతికిచ్చిన. చాచా మొదలు కట్టెల పొయ్యి ఉన్నదా, గ్యాసా అని అడిగిండు. అరగంట మాట్లాడుకున్నరు. బియ్యం ఎంత ఉడికినంక వార్చాలె అన్న కాడ ఇద్దరి హిందీ కలువలే, నడుమల నేనే అటిటు చెప్పవట్టిన.