జబ్బుతో ఉన్న బిడ్డ ఎదగాలంటే



క్షయ, గుండెజబ్బు, ఉబ్బసం వంటి వ్యాధులు చాలాకాలంగా ఉన్న పిల్లలకు ఆకలి తగ్గుతుంది. కానీ వారి ఒంటికి మామూలు పిల్లలకంటే ఎక్కువ బలం కావాలి. అందుకే మందులు సరిగా వాడినా కొందరు బరువు పెరగరు. మన పామూరు పల్లెల్లో "జబ్బు బిడ్డకు పలుచని జావే మేలు" అంటారు. పలుచని జావతో పొట్ట నిండుతుంది గాని బలం రాదు.

ఏమి చేయాలి?

1. రోజుకు 5, 6 సార్లు కొంచెం కొంచెంగా పెట్టండి.

2. పప్పన్నంలో టీ స్పూను నూనె గాని నెయ్యి గాని కలపండి. ముద్ద పెరగకుండానే సుమారు 45 కేలరీలు అదనంగా అందుతాయి. రాగిజావ చిక్కగా కాచి పాలు, బెల్లం వేయండి. గుడ్డు, వేరుశనగ పొడి పెట్టండి.

3. అన్నానికి ముందు టీ, ఎక్కువ నీళ్ళు ఇవ్వవద్దు. బలవంతంగా నోట్లో కుక్కవద్దు.

4. నెలకొకసారి తూకం వేయించండి. 6 నెలల నుండి 5 సంవత్సరాల బిడ్డకు దండ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గితే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

క్షయ మందులు వాడే పిల్లలకు కూడా నిక్షయ్ పోషణ్ యోజన కింద 2024 నవంబరు నుండి నెలకు 1000 రూపాయలు ఇస్తున్నారు. ఆ డబ్బును బిడ్డ గుడ్లకు, పాలకే వాడండి.

మూత్రపిండాల జబ్బు, చక్కెర వ్యాధి ఉన్న పిల్లలకు మాత్రం డాక్టరుగారిని అడిగిన తరువాతే ఆహారం మార్చండి.