వైశాఖ సంకీర్తనోత్సవాల టెలివిజన్ ప్రసారం: తడ సరిహద్దు నుండి ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

వైశాఖమాసంలో తిరుమల, తిరుపతి, తాళ్ళపాకలలో జరిగే సంకీర్తనోత్సవాలు టెలివిజన్ ద్వారా ఇళ్ళకు చేరుతున్నాయి. రాగిరేకు మీది పాఠం తెర మీది పాటగా మారే క్రమంలో ఏది నిలుస్తున్నదో, ఏది జారిపోతున్నదో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగు, తమిళ భాషలు కలిసే తడ ప్రాంతం ఇందుకు ఆధారభూమి.

కీలకపదాలు: అన్నమయ్య, వెంగమాంబ, సంకీర్తన, పాఠాంతరం, ప్రసారం, తడ, సరిహద్దు తెలుగు.

1. ప్రవేశిక

చెన్నపట్నానికి సంగీతకాలం మార్గశిరమైతే, తిరుపతి ప్రాంతానికి వైశాఖం. శుద్ధ నవమి, దశమి, ఏకాదశి తిథులలో తిరుమల నారాయణగిరి ఉద్యానవనంలో పద్మావతీ పరిణయోత్సవం జరుగుతుంది. చతుర్దశి నృసింహ జయంతి. తరిగొండ వెంగమాంబ (1730–1817) జయంతి కూడా ఆనాడే. మర్నాడు పూర్ణిమకు తాళ్ళపాక అన్నమాచార్యుల (1408–1503) జయంతి. వారం తిరగకుండానే ఇన్ని సందర్భాలు వరుసగా రావడం వల్ల, ఎండలు ముదిరిన ఆ రోజులలోనే కచేరీలు, గోష్ఠిగానాలు, హరికథలు ఒకదాని వెంట ఒకటి సాగుతాయి. “తాళ్ళపాకవారి లాలి, తరిగొండవారి హారతి” అనే లోకోక్తిలోని ఇద్దరు వాగ్గేయకారులకూ ఒకే పక్షంలో ఉత్సవాలు జరగడం ఈ కాలపు ప్రత్యేకత.

2008 జూలైలో శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానల్ ఆరంభమైన తరువాత ఈ ఉత్సవాలకు ఇంట్లో కూర్చుని చూసే శ్రోతృవర్గం ఏర్పడింది. శ్రీవారి ఆలయానికి ఎదుట ఉన్న నాదనీరాజన వేదిక నుండి సాయంకాలపు సంగీతం ప్రసారం కావడం అలవాటుగా స్థిరపడింది. వేసవి సంగీతోత్సవాన్ని ప్రసారమాధ్యమం ఇంటింటికీ చేర్చడం ఇతరత్రా కూడా ఉన్నదే. లండన్‌లో 1895లో మొదలైన ప్రామ్స్ కచేరీలు 1927లో బి.బి.సి. నిర్వహణలోకి వచ్చి, 1947లో తొలిసారి టెలివిజన్‌కెక్కాయి. అయితే అక్కడ సంగీతమే ఉత్సవం. తిరుమలలో సంగీతం స్వామికి జరిగే ఉపచారాలలో ఒకటి. కనుక కెమెరా గాయకుని మీద నిలకడగా ఉండదు; ఆలాపన నడుస్తుండగానే ఉత్సవమూర్తుల అలంకారం వైపు, ఊంజల్ వైపు మరలుతుంది. సంగీతజ్ఞులకు ఇది అంతరాయంగా తోచవచ్చు. సంకీర్తన ఎవరిని ఉద్దేశించినదో ఆ మూర్తిని చూపడమే ఔచిత్యమని సాహిత్యజ్ఞులు వాదించవచ్చు. రెండవ వాదనకే బలం ఎక్కువ.

2. రేకు నుండి తెర దాకా

అన్నమయ్య ముప్పైరెండువేల సంకీర్తనలు రచించినట్లు ఆయన మనుమడు చిన్నన్న ‘అన్నమాచార్య చరిత్రము’లో పేర్కొన్నాడు. నేడు లభ్యమైనవి పన్నెండువేలకు పైగా. తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండాగారం నుండి వెలుగుచూసిన రెండువేలకు పైబడిన తాళ్ళపాక రాగిరేకులలో సాహిత్యమూ, రాగనామమూ ఉన్నాయి, స్వరాలు లేవు. ప్రసారాల చర్చకు మూలమైన విషయం ఇదే. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ ప్రభృతుల కృషితో సాహిత్యం అచ్చులోకి వచ్చింది. మనం వినే బాణీలు మాత్రం అధికభాగం ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. రాళ్ళపల్లి, నేదునూరి కృష్ణమూర్తి వంటివారు వందేసి కీర్తనలకు పైగా స్వరపరచగా, 2025 మార్చిలో దివంగతులైన గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ ఆరువందలకు పైబడి స్వరపరిచారు. 1978లో అన్నమాచార్య ప్రాజెక్టు ఏర్పడడం, 1979–80లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి ‘బాలాజీ పంచరత్నమాల’ రికార్డులు వెలువడడం ఈ వ్యాప్తికి ప్రధాన దోహదాలు.

రేకు మీద ఒక రాగం ఉండి, వేదిక మీద మరొక రాగంలో పాడడం తప్పు కాదు. రేకుల మీది కొన్ని రాగనామాలు నేడు ప్రచారంలో లేనివి కూడా. కాని తెర మీద ‘రచన: అన్నమాచార్య’ అన్న ఒక్క పంక్తి చూసి, బాణీ కూడా పదిహేనో శతాబ్దిదేనని భావించే విద్యార్థి ఆ రెండు కాలాలనూ ఒకటిగా గణిస్తాడు. కీర్తనలోని రసాన్ని రాగంతో ముడిపెట్టి వ్యాఖ్యానించే సిద్ధాంతవ్యాసాలకు ఇది పెద్ద చిక్కు. అక్కడ విశ్లేషణకు గురవుతున్నది అన్నమయ్య ఎన్నుకున్న రాగమా, స్వరకర్త ఎన్నుకున్న రాగమా అనేది ముందు తేలాలి.

3. చరణాల లెక్క

అన్నమయ్య సంకీర్తనకు పల్లవి, మూడు చరణాలు సాధారణ నిర్మాణం. కచేరీ పద్ధతిలో నెరవు, కల్పనస్వరాలకు చోటివ్వాలంటే చరణాలు తగ్గించక తప్పదు. ప్రసార సమయం ముందే నిర్ణయమై ఉన్నప్పుడు ఆ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. వేంకటేశ్వర ముద్ర చివరి చరణంలో ఉంటుంది కనుక దానిని వదలరు. కోత పడేది నడిమి చరణానికి. ఈ కోత కనిపించినంత చిన్నది కాదు. అనేక కీర్తనలలో మొదటి చరణం ఒక ప్రతిపాదన చేస్తుంది, రెండవది దానిని లోకవృత్తంతో నిరూపిస్తుంది, మూడవది స్వామిపరం చేస్తుంది. నడిమి మెట్టు తీసివేస్తే వాదం స్తోత్రంగా మారుతుంది. అన్నమయ్య కేవల భక్తకవిగా మాత్రమే శ్రోతల మనసులో నిలవడానికి ఈ కోత కూడా ఒక కారణమనవచ్చు.

తాళానికి లోబడి పదం విరిగే తావులు మరొక సమస్య. యతిస్థానం మీద పడవలసిన ఊనిక ముందుకో వెనుకకో జరిగితే, రెండు పదాల నడుమ సంధి విడిపోయి మూడో పదం వినిపిస్తుంది. అరసున్న, శకటరేఫ గానంలో వినబడనే వినబడవు. అచ్చుప్రతి చూసినవారికి ఇవి ఇబ్బంది కావు. చెవితోనే నేర్చుకునేవారికి వినబడినదే పాఠం. అందుకే ప్రసారాన్ని కేవలం వినోదంగా గాక, వ్రాతప్రతితో సమానంగా ఒక పాఠసాక్ష్యంగా పరిశీలించడం అవసరం. ఏ చరణం వదిలారు, ఏ పదాన్ని ఎట్లా విరిచారు, స్వరకర్త ఎవరు అని నమోదు చేస్తే, ఒకే కీర్తనకు భిన్న ప్రసారాల మధ్య పాఠాంతరాలు గుర్తించవచ్చు.

గోష్ఠిగానానిది వేరే సంగతి. త్యాగరాజ పంచరత్నాల ఒరవడిలో ‘సప్తగిరి సంకీర్తనలు’గా కూర్చిన ఏడు కీర్తనలను కళాకారులు బృందంగా ఆలపిస్తారు. కంఠాలన్నీ కలవాలి గనుక ఇక్కడ పాఠం ఒక్కటిగానే ఉండి తీరాలి. ఆ ఏడింటి పాఠం ఈ విధంగా భద్రమవుతున్నది. వేల కీర్తనలలో ఏడు!

4. సరిహద్దు శ్రోత

పులికాట్ సరస్సు అంచున, జాతీయ రహదారి తమిళనాడులోకి దాటే చోట ఉన్న మండలం తడ. 2022 ఏప్రిల్ వరకు నెల్లూరు జిల్లాలో ఉండి, పిదప తిరుపతి జిల్లాలో చేరింది. పాలనాపరంగా తిరుపతికి దగ్గరైనా రాకపోకలు చెన్నైతోనే ఎక్కువ. చెన్నై నుండి సూళ్ళూరుపేటకు వెళ్ళే లోకల్ రైళ్ళు తడ మీదుగానే నడుస్తాయి. ప్రసారచరిత్రలోనూ ఈ సామీప్యం ఉంది. 1938 జూన్‌లో మద్రాసు ఆకాశవాణి కేంద్రం మొదలైనది మొదలు, 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రం వచ్చేదాకా తెలుగు శాస్త్రీయసంగీతానికి రేడియో నిలయం మద్రాసే. ఉదయపు ‘భక్తిరంజని’తో సంకీర్తనను ఇళ్ళలోకి తెచ్చిన బాలాంత్రపు రజనీకాంతరావు కూడా మద్రాసు కేంద్రంలోనే పనిచేయడం ఆరంభించారు.

తడ దాటితే ఆరంబాకం, ఆపైన గుమ్మిడిపూండి. ఆ తాలూకాలో తెలుగు మాతృభాషగా గల కుటుంబాలు అనేకం. 2006లో తమిళనాడు చేసిన తమిళ అభ్యసన చట్టం పాఠశాలల్లో తమిళాన్ని నిర్బంధం చేసిన తరువాత, తెలుగు మాట్లాడగలిగి తెలుగు లిపి చదవలేని తరం అక్కడ పెరుగుతున్నది. 2017లో భక్తి ఛానల్ తమిళ ప్రసారాలు మొదలయ్యాక సంకీర్తన ఈ ఇళ్ళకు రెండు దారుల్లో వస్తున్నది. తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకటే అక్షరం. ప, ఫ, బ, భలకూ అంతే. కీర్తనను ఆ లిపిలో వ్రాసుకున్నవారికి కాగితం మీద ‘గద’, ‘కథ’ రెండూ ఒక తీరుగానే కనబడతాయి. తేడా చెప్పవలసినది గాయకుని ఉచ్చారణ ఒక్కటే.

ఇట్టి శ్రోతకు ప్రసారం సంగీతంతో పాటు తెలుగు వాచకం కూడా. నడిమి చరణం పాడకపోతే, తెలుగు చదివినవారు పుస్తకం తెరిచి చూసుకోగలరు. అతనికి ఆ చరణం లేనట్లే. రాయలసీమ పలుకుబళ్ళు దట్టంగా ఉన్న శృంగార సంకీర్తనలలో ఈ నష్టం మరీ ఎక్కువ, ఎందుకంటే ఆ మాటలు అతని ఇంటి మాటలకు దగ్గరివి, బడి నేర్పనివి. వెంగమాంబ విషయంలో దూరం ఇంకా పెద్దది. ఆమె ద్విపదలు, యక్షగానాలు కచేరీ చట్రంలో సులభంగా ఇమడవు. జయంతినాడైనా వాటిలోని దీర్ఘభాగాలను చదివించి, పాడించి ప్రసారం చేయడానికి కచేరీ కన్న పురాణపఠనమే అనువైన రూపం. 2020లో నాదనీరాజన వేదిక నుండే సుందరకాండ పారాయణం నెలల తరబడి ప్రత్యక్షప్రసారమైంది. దీర్ఘగ్రంథాన్ని వరుసగా వినే శ్రోతలు ఉన్నారని అప్పుడే తేలింది.