తీగ ఎంతసేపు బతుకుతుంది?

మొన్న సనత్‌నగర్‌లో కరెంటు పోయింది. మా మనవడు ఎలక్ట్రిక్ గిటారు సాధన చేస్తున్నాడు. స్పీకరు ఆగిపోగానే తీగల మోత దోమ పాటంత అయింది.

"తాతా, ఇది చచ్చిపోయింది!" అన్నాడు దిగులుగా.

"చావలేదురా. దాని తల ఆ చెక్క బీరువాకి ఆనించి మీటు."

మీటాడు. బీరువా గుయ్యిమంది, లోపల గాజు గ్లాసులు కూడా సన్నగా వణికాయి. వాడి కళ్లు ఇంతలేసి అయ్యాయి.

ఈనెపుల్లతో విసురుకుంటే గాలి వస్తుందా? విసనకర్ర కావాలి. తీగ ఈనెపుల్ల లాంటిది, బీరువా తలుపు విసనకర్ర. వీణకి కుండ, మామూలు గిటారుకి బోలు పొట్ట ఉండేది అందుకే. అయితే మరోసారి మీటించి చెవి పెట్టి వినమన్నాను. బీరువాకి ఆనించినప్పుడు మోత పెద్దదే గానీ తొందరగా ఆరిపోతోంది. మనం మీటి ఇచ్చిన శక్తి ఇంతే కదా, దాన్ని గాలికి ధారాళంగా పంచేస్తే తీగ దగ్గర ఏం మిగులుతుంది?

అప్పుడు వాడికి మాండలిన్ శ్రీనివాస్ గారి గురించి చెప్పాను. 1969లో పాలకొల్లులో పుట్టారు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, ఈ పిల్లవాడు విని అదే వాయించేవాడు. అంటే ఆ వాద్యం గొంతు వెంట నడవాలి. చిక్కంతా అక్కడే ఉంది. మామూలు మాండలిన్ తీగ పొట్టిది, మీటగానే ఆరిపోతుంది. గమకానికేమో ఒక్క మీటులోనే స్వరం ఊగాలి, జారాలి, నిలవాలి. పైగా దానికి నాలుగు జతల తీగలు. లాగినప్పుడు జతలో ఒకటి వెంట్రుకవాసి ఎక్కువ బిగిసినా రెండు శ్రుతులూ ఢీకొని మోత అలలు అలలుగా వణుకుతుంది.

శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టారు. జతలు మాని ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు. గట్టి చెక్క ఒళ్లు తీగ శక్తిని అంత త్వరగా తాగేయదు. తీగ కింద అయస్కాంతం, దాని చుట్టూ వేల చుట్ల సన్నని రాగితీగ ఉంటాయి. పైన ఉక్కుతీగ ఊగితే ఆ చుట్టలో చిన్న కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే అది. మోత పెంచే పని యాంప్లిఫయర్ చూసుకుంటుంది.

ఆయన కచేరీ ఒకసారి ముందు వరసలో కూర్చుని విన్నాను. కుడిచెయ్యి ఒక్కసారి మీటి ఊరుకుంది. ఎడమచేతి వేలు మెట్టు మీద తీగను పక్కకి లాగుతూ, వదులుతూ ఉంది. స్వరం మనిషి గొంతులా సాగుతూనే ఉంది. నేను ఊపిరి తీసుకున్నాను, ఆ తీగ ఇంకా తీసుకోలేదు!

మావాడికి ఇష్టమైన డిక్ డేల్‌దీ ఇదే లెక్క, దారి మాత్రం వేరు. 1937లో బోస్టన్‌లో పుట్టిన ఈ సర్ఫ్ గిటారు వీరుడి తండ్రి వైపు వారు లెబనాన్ వాళ్లు. అక్కడి ఊద్ వాద్యంలోనూ తీగ త్వరగా ఆరిపోతుంది. అందుకే ఆరేలోపే మళ్లీ మళ్లీ మీటడం తీగవాద్యాల వాళ్లకి పాత అలవాటు. 1962లో వచ్చిన 'మిసిర్లూ'లో డేల్ చేసింది ఆ పనే, పిడుగులాంటి వేగంతో. ఆయన లావు తీగలు కట్టేవాడు. లావు తీగని అదే శ్రుతికి తేవాలంటే మరింత బిగించాలి, అంత బిగిలో అంత శక్తి దాగుతుంది. ఆ మోతకి స్పీకర్లు తట్టుకోలేక పాడైతే, గిటార్ల తయారీదారు లియో ఫెండర్ డేల్ కోసం పెద్ద యాంప్లిఫయర్ తయారుచేయాల్సి వచ్చింది.

డేల్ 81 ఏళ్లు బతికి, 2019లో పోయేదాకా వేదికలెక్కుతూనే ఉన్నాడు. మన శ్రీనివాస్ గారు 2014లో, 45 ఏళ్లకే వెళ్లిపోయారు. జుట్టు నెరిసిన శ్రీనివాస్ గారిని వినే యోగం మనకి లేకపోయింది. అది నాకు ఇప్పటికీ కలుక్కుమంటుంది.

మీ దగ్గర పెద్ద విద్వాంసుల కచేరీ ఉంటే మళ్లీసారి చూద్దామనుకోకండి. పిల్లల్ని తీసుకెళ్లి, వాయించేవారి ఎడమచెయ్యి కనిపించే వైపు కూర్చోబెట్టండి.