ఆకలివేళ జీవకణము

తల్లిగర్భములో నున్నంతకాలము శిశువునకు మావి ద్వారా ఆహారము ఎడతెగక అందుచుండును. జన్మించిన క్షణమున ఆ దారి మూసికొనిపోవును. తల్లిపాలు చాలినంతగా లభించి, జీర్ణమై, రక్తములో కలియుటకు కొంత వ్యవధి పట్టును. ఆ నడిమి గడియలలో పసిప్రాణమును నిలుపునదేది?

జపానులో నొబోరు మిజుషిమా, ఆయన సహచరులు చిట్టెలుకలపై చేసిన పరిశోధన 2004లో ఈ ప్రశ్నకు సమాధానము చూపినది. పుట్టిన వెంటనే ఎలుకపిల్ల గుండె, ఊపిరితిత్తులు మొదలైన అవయవములలోని కణములు తమ పదార్థములో కొంత భాగమును తామే జీర్ణము చేసికొన మొదలిడును. ఇది 3 నుండి 12 గంటలవరకు ఉద్ధృతముగా సాగి, ఒకటి రెండు దినములలో సాధారణస్థితికి వచ్చును. దీనికి ఆటోఫేజీ అని పేరు. తెలుగున స్వభక్షణము అనవచ్చును.

ఇది కణము చేసికొను ఆత్మహత్య యని భ్రమపడరాదు. కణములో మొదట పలుచని జంటపొర యొకటి దొన్నెవలె ఏర్పడి, దగ్గరనున్న పదార్థమును చుట్టుకొని, అంచులు కలిసి సంచిగా మారును. ఈ సంచి లైసోజోముతో కలియును. లైసోజోము కణమునకు జీర్ణాశయము వంటిది. అందలి ఎంజైములు మాంసకృత్తులను ఆమినో ఆమ్లములుగా విడగొట్టును. వానితో కణము అత్యవసరమైన కొత్త మాంసకృత్తులను నిర్మించుకొనును. లేదా వానినుండి శక్తిని పొందును. కరవునాడు ఇంటిలోని పాత్రలమ్మి గింజలు కొనుట వంటిదీ ఏర్పాటు.

లైసోజోములను 1955లో వెల్లడించినవాడు బెల్జియము శాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ ద డ్యూవ్. 1963లో ఆటోఫేజీ అను పేరు పెట్టినదియు ఆయనయే. కాని ఈ క్రియను నడుపు జన్యువులేవో చాలకాలము తెలియలేదు. జపాను శాస్త్రజ్ఞుడు యోషినోరి ఓసుమి ఇందుకై ఈస్టును చేపట్టెను. ఈస్టుకణములో లైసోజోము పనిని రిక్తిక చేయును. జీర్ణము చేయు ఎంజైములు లోపించిన ఈస్టును ఆకలికి గురిచేయగా, కొలది గంటలలో రిక్తిక జీర్ణముగాని చిన్న సంచులతో నిండిపోయెను. ఈ గుర్తు ఆధారముగా ఆయన 1993లో స్వభక్షణకు ఆవశ్యకమైన 15 జన్యువుల జాడ తీసెను. 2016లో వైద్యశాస్త్రమున నోబెల్ బహుమానము ఆయనకు లభించినది.

అట్టి జన్యువులలో ఏ.టి.జి.5 ఒకటి. మిజుషిమా బృందము దీనిని తొలగించిన ఎలుకపిల్లలను పరీక్షించెను. పుట్టినపుడు అవి ఇంచుమించు మామూలుగానే యున్నవి. కాని ఒక దినము లోపలనే మరణించినవి. పాలివ్వక యుంచినపుడు సామాన్యమైన పిల్లలు సుమారు 21 గంటలు బ్రతుకగా, ఇవి సుమారు 12 గంటలే బ్రతికినవి. వీని రక్తములో ఆమినో ఆమ్లములు తగ్గియుండెను. బలవంతముగా పాలు పట్టినచో వీని ఆయువు కొంత పెరిగినది.

ఆహారము సమృద్ధిగా నున్నపుడు టార్ అను మాంసకృత్తు స్వభక్షణను అణచియుంచును. ఆమినో ఆమ్లములు తగ్గగనే దాని పట్టు సడలును. అయినను ఈ క్రియ పూర్తిగా ఆగిపోదు. నాడీకణములలో దీనిని నిలిపివేసిన ఎలుకలకు, ఆకలి లేకున్నను, చెడిన మాంసకృత్తులు ముద్దలుగా పేరుకొని నాడులు క్షీణించినవని 2006లో తేలినది.

స్వభక్షణము ఎంత హెచ్చిన అంత మేలనుటకు మాత్రము వీలులేదు. రక్తము చాలినంతగా అందని కాన్సరు కణములును దీని సాయముననే బ్రతుకగలవు. కావున దీనిని ఏ రోగమున హెచ్చింపవలెనో, ఏ రోగమున అణపవలెనో నిర్ణయించుటయే నేడు వైద్యశాస్త్రజ్ఞుల ముందున్న పని.