ఊరికే వచ్చే పాఠం

నేను దివిసీమలో పనిచేసిన రోజుల్లో చదువుకున్న కుర్రాడొకడు మొన్న వానల్లో మచిలీపట్నం వచ్చి నన్ను కలిశాడు. ఇప్పుడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. ఫోను తెరిచి చూపించాడు. అందులో ఒక ఐ.ఐ.టి. ప్రొఫెసరుగారు విద్యుత్ వలయాల పాఠం చెబుతున్నారు!

"ఫీజెంతరా?" అన్నాను.

"ఊరికేనండీ, మాస్టారూ!"

నేను గుడివాడలో చదివేటప్పుడు ఒక్క ఫిజిక్సు పుస్తకం కోసం వారాల తరబడి వంతు కాచాను. మరి నాకు ఆశ్చర్యం వేయదూ?

దూరాన్నుంచి పాఠం రావడం కొత్త కాదు. 1975-76లో ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహం ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టెలివిజన్ కార్యక్రమాలు అందించింది. మన ఆంధ్రప్రదేశ్ పల్లెలూ వాటిలో ఉన్నాయి. అయితే ఆ వేళకు పెట్టె ముందు కూర్చోకపోతే పాఠం పోయినట్టే. ఇప్పటి పాఠాన్ని ఆపవచ్చు, వెనక్కి తిప్పవచ్చు. నన్నైతే ఒకే సందేహం పదిసార్లు అడిగే ధైర్యం మీలో ఎవరికుంది?

మన ఐ.ఐ.టి.లు, బెంగుళూరు ఐ.ఐ.ఎస్‌సి. కలిసి 2003లో ఎన్.పి.టి.ఇ.ఎల్. ప్రారంభించాయి. 2017లో 'స్వయం' వచ్చింది.

2012లో అమెరికాలోని ఎం.ఐ.టి. ఇదే విద్యుత్ వలయాల పాఠాన్ని ప్రపంచమంతటికీ ఉచితంగా పెట్టింది. సుమారు 1,55,000 మంది పేర్లిచ్చారు. గట్టెక్కినవారు 7,157. లెక్క కట్టి చూడండి, నూటికి అయిదుగురు కూడా లేరు! నూటికి నూరు తెచ్చుకున్నవారిలో మంగోలియాకు చెందిన బట్టుషిగ్ అనే 15 ఏళ్ళ బాలుడున్నాడు. అతని తెలివి గురించి అందరూ చెబుతారు. నాకు నచ్చింది వేరొకటి. అతని బడిలో తోటివాళ్ళు కూడా ఆ పాఠం చదివారు. ప్రయోగ సామగ్రి తెచ్చి చేయించిన టీచరు కూడా ఒకరున్నారు.

మావాడికి అవేవీ లేవు. పాఠం ఊరికే వచ్చినా సిగ్నలు ఊరికే రాదు కదా! సెకనుకు 500 కిలోబిట్ల వీడియో గంటసేపు నడిస్తే 18,00,000 కిలోబిట్లు. 8 బిట్లు ఒక బైటు కాబట్టి 225 మెగాబైట్లు. సెకనుకు 100 కిలోబిట్లే అందే చోట ఆ గంట పాఠం దిగడానికి అయిదు గంటలు పడుతుంది. అందుకని అవనిగడ్డ వచ్చినప్పుడు పాఠాలు దింపుకొని, నాగాయలంక అవతల తన ఊళ్ళో చూసుకుంటున్నాడు.

అది కాదు, వాణ్ణి ఆపింది ఇంగ్లీషు. మూడో వారంలో కిర్కాఫ్ నియమం దగ్గర చిక్కుకుపోయాడు. మానేద్దామనుకుంటున్నానన్నాడు. రెండు టార్చి సెల్సు, రెండు ఒకేరకం బల్బులు వరుసగా కలిపి అరుగుమీద పెట్టాను. ఒక్కో బల్బు దగ్గరా మీటరుతో వోల్టులు కొలవమన్నాను. కలిపి చూశాడు. సెల్సు రెండూ కలిసి ఇస్తున్న వోల్టులతో సరిపోయింది!

"ఆయన చెప్పిందిదేనా, మాస్టారూ?" అన్నాడు.

ఇక మిగిలింది పరీక్ష. పాఠం ఉచితమే గాని, సర్టిఫికెట్టు కావాలంటే రుసుము కట్టి, కేటాయించిన కేంద్రానికి వెళ్ళి రాయాలి. డబ్బు సంగతి ఇంట్లో అడుగుతానన్నాడు. వెళుతూ వెళుతూ నా మీటరు కూడా పట్టుకుపోయాడు.