కంప్యూటరు దాచుకున్న చోటు

పోపుల డబ్బాలో నాలుగు డబ్బులు దాచడం మన ఇల్లాళ్లకు కొత్త సంగతేమీ కాదు. నెలాఖరున ఎవరికైనా ఒంట్లో బాగుండకపోతే ఆదుకునేవి ఆ డబ్బులే. మన ఇంట్లో ఉన్న కంప్యూటరు కూడా ఇదే పని చేస్తుందంటే నమ్ముతారా?

‘చోటు చాలదు’ అని తెరమీద కనబడగానే మనలో చాలామంది ఏం చేస్తారు? ఫొటోలు తీసేస్తారు. పాప అన్నప్రాశన, తాతగారి షష్టిపూర్తి... ముందుగా వాటిమీదే చెయ్యి పడుతుంది. కంటికి కనిపించేవి అవే గనక. కనిపించకుండా కూర్చున్న సామాను ఎంత ఉందో చూడకుండా ఆ పని మాత్రం చెయ్యకండి.

ముందు ఒక సందేహం తీర్చుకుందాం. కొన్నప్పుడు 256 జీబీ అన్నారే, ఇంటికొచ్చి చూస్తే 238 అని ఉందే, కొట్టువాడు మోసం చేశాడా అనుకుంటాం. మోసం లేదు. తయారుచేసేవారు వెయ్యి చొప్పున లెక్క కడతారు, విండోస్ 1024 చొప్పున కడుతుంది. కుంచం మారింది గాని గింజలు తగ్గలేదు.

ఇక ఆ దాపుడు చోటు. 2019 మే నెలలో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్‌తో ఈ పద్ధతి మొదలైంది. అప్పటినుంచి కొత్త కంప్యూటర్లలో విండోస్ సుమారు 7 జీబీ తన కోసం పక్కన పెట్టుకుంటోంది. అప్‌డేట్ వచ్చినప్పుడు చోటు చాలక పని ఆగిపోకూడదని ఈ ఏర్పాటు. మామూలు రోజుల్లో తాత్కాలికపు ఫైళ్లు అందులో ఉంటాయి. అవసరం రాగానే వాటిని ఊడ్చేసి వాడుకుంటుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్, ఆపైన షో మోర్ కేటగిరీస్ నొక్కి, ‘సిస్టమ్ అండ్ రిజర్వ్‌డ్’ తెరిస్తే ఎంత దాచిందో మీకే తెలుస్తుంది. దీన్ని రద్దు చేసే ఆదేశం ఒకటి ఉంది. నన్నడిగితే దాని జోలికి పోవద్దంటాను. పోపుల డబ్బా ఖాళీ చేసి పట్టుచీర కొనుక్కున్నట్టే అది! కావాలంటే మీరు వాడని భాషలు, ఆప్షనల్ ఫీచర్స్ తీసేయండి. అది కొంత తగ్గుతుంది.

అసలు బరువు ఉండేది అటకమీద. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ఆగిపోయింది కదా, ఎందరో విండోస్ 11కి మారారు. అలా మారినప్పుడు పాత విండోస్ మొత్తాన్ని కంప్యూటరు ఒక మూల ఉంచుతుంది. కొత్తది నచ్చకపోతే వెనక్కి వెళ్లడానికన్నమాట. మామూలుగా 10 రోజులయ్యాక తనే తీసేస్తుంది. ఈలోగా చాలా జీబీలు అదే ఆక్రమిస్తుంది. కొత్తది బాగా నడుస్తోందని నమ్మకం కుదిరితే, అదే స్టోరేజ్‌లో టెంపరరీ ఫైల్స్ తెరిచి, ‘ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్’ దగ్గర టిక్కు పెట్టి తీసేయవచ్చు. తీశాక ఇక వెనక్కి వెళ్లడం ఉండదు సుమండీ.

ఆ పట్టికలోనే రీసైకిల్ బిన్ ఉంటుంది. ఒకసారి లోపలికి తొంగిచూసి ఖాళీ చేయండి. ‘డౌన్‌లోడ్స్’ అనే పేరు కూడా అక్కడే కనిపిస్తుంది, జాగ్రత్త! టెంపరరీ అన్నారు గదా అని దానికీ టిక్కు పెడితే, పిల్లల మార్కుల కాగితాలు, ఎవరో పంపిన పెళ్లి ఫొటోలు అన్నీ పోతాయి.

ఇంకొకటి, హైబర్నేట్ ఫైలు. మెమరీలో సుమారు 40 శాతం ఉంటుంది. 8 జీబీ మెమరీ ఉంటే 3 జీబీ పైమాటే. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటరుగా తెరిచి చేసే పని గనక, తెలిసినవారిని పక్కన కూర్చోబెట్టుకుని ఆపించండి. ఆపితే కంప్యూటరు లేవడం కాస్త ఆలస్యమవుతుంది. మూత మూసి గంటలకొద్దీ వదిలేసే అలవాటున్నవారు మాత్రం దాన్ని ఉండనివ్వడమే మంచిది. బ్యాటరీ అయిపోతే సేవ్ చేయని పని పోతుంది.

ఇంత చేసినా చాలకపోతే, అప్పుడు ఫొటోల సంగతి చూడండి. రెండు వేరువేరు చోట్లకు నకలు చేసి, అక్కడ తెరిచి చూసుకుని, ఆ తరువాతే ఇక్కడివి తీయండి.