తెల్లారేసరికి సముద్రం

పిల్లలూ, ఇలా దగ్గరికి జరగండి. ఇవాళ మీకు ఒక రాత్రి ప్రయాణం కబురు చెబుతాను.

ఇంగ్లండులో ఏటా జూలై పున్నమికి దగ్గరగా వచ్చే శనివారం సాయంత్రం, లండన్ నగరంలో లండన్ ఫీల్డ్స్ అనే పార్కు దగ్గర సైకిళ్లు పోగవుతాయి. వందల సైకిళ్లు. కొన్నేళ్లలో వెయ్యి కూడా దాటాయి. రేసు సైకిళ్లు, మడత సైకిళ్లు, ఇద్దరు కలిసి తొక్కే జోడు సైకిళ్లు, తాతల నాటి పాత బళ్లు, అన్నీ వస్తాయి. చీకటి పడే వేళకు కదిలి, ఎప్పింగ్ అడవి దాటి, పల్లెల మధ్య సన్నటి దారుల వెంట రాత్రంతా తొక్కి, తెల్లారేసరికి డనిచ్ అనే ఊరి దగ్గర సముద్రపు ఒడ్డున దిగుతారు. దూరం సుమారు 180 కిలోమీటర్లు. హైదరాబాదులో ఎక్కి కోదాడలో దిగినట్టన్నమాట. 1990ల మొదట్లో కొద్దిమందితో మొదలైన ఈ యాత్ర పేరు డనిచ్ డైనమో. రుసుం లేదు, పందెం లేదు, పతకాలు లేవు. తొలిరోజుల్లో మలుపుల దగ్గర గాజు సీసాల్లో చిన్న చిన్న దీపాలు పెట్టి దారి చూపేవాళ్లు.

చక్కగా పగలు పెట్టుకుని రాత్రిపూట ఎందుకు ఈ తిప్పలు అంటారా? రాత్రి కూడా మనకు సాయం చేస్తుంది నాన్నా. ఎలా చేస్తుందో తెలిసినవాడికి ఇంకా ఎక్కువ చేస్తుంది. ఒక్కొక్కటే విప్పి చెబుతాను వినండి.

ముందు గాలి సంగతి. విశాఖలో మధ్యాహ్నం వేళ బీచి రోడ్డు మీద నిలబడితే సముద్రం వైపు నుంచి చల్లగాలి కొడుతుంది కదా. ఎండకు నేల తొందరగా కాగుతుంది. నీరు అంత తొందరగా కాగదు. నేల మీది గాలి వేడెక్కి పైకి లేస్తుంది, ఆ చోటు నింపడానికి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. అంటే ఎండ కాసే పగలు సముద్రానికి సైకిలు మీద వెళ్లేవాడికి, తీరం దగ్గరపడే కొద్దీ ఎదురుగాలే. రాత్రి ఇదంతా తిరగబడుతుంది. నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేసి చల్లబడుతుంది, సముద్రం వెచ్చగానే ఉంటుంది. ఇప్పుడు గాలి నేల మీద నుంచి సముద్రం మీదికి కదులుతుంది. మన జాలర్లకు ఇది ఎప్పటి నుంచో తెలుసు. తెరచాప ఎత్తి తెల్లవారుజామున నేలగాలితో వేటకు పోయేవాళ్లు, మధ్యాహ్నం సముద్రపు గాలితో ఇంటికి వచ్చేవాళ్లు. ఈ నేలగాలి మెత్తనిది, తీరానికి దగ్గర్లోనే తెలుస్తుంది. అయితే ఇంగ్లండులో ఎక్కువ రోజులు నైరుతి నుంచే గాలి వీస్తుంది. లండన్‌కు డనిచ్ ఈశాన్యాన ఉంది. కాబట్టి చాలాసార్లు దారంతా గాలి వీపు తడుతూనే ఉంటుంది.

ఇక చంద్రుడు. జూలై పున్నమి మనకు చాలా ఏళ్లు ఆషాఢ పున్నమి అవుతుంది. పున్నమినాడు చంద్రుడు ఆకాశంలో సూర్యుడికి సరిగ్గా ఎదురు దిక్కున ఉంటాడు. వేసవిలో సూర్యుడు ఎంత ఎత్తుకు ఎక్కితే, పున్నమి చంద్రుడు అంత కిందికి దిగుతాడు. జూలైలో లండన్ మీద పున్నమి చంద్రుడు అర్ధరాత్రి వేళ కూడా దిక్చక్రానికి పదహారు, పదిహేడు డిగ్రీల ఎత్తునే ఉంటాడు. ఏడాదిని బట్టి ఓ అయిదు డిగ్రీలు అటూ ఇటూ. అదే రాత్రి విశాఖలో చూస్తే సుమారు యాభై డిగ్రీల ఎత్తున ఉంటాడు. కాబట్టి అక్కడ వెన్నెల ఏటవాలుగా, చెట్ల కొమ్మల సందుల్లోంచి వస్తుంది. గుబురు కంచెల మధ్య పోయే దారి మీద చాలాచోట్ల అసలు పడనే పడదు.

చంద్రుడు చేయలేని పని కొంత సూర్యుడే చేస్తాడు. జూలై మధ్యలో లండన్‌లో పొద్దు కుంకేది రాత్రి 9 గంటల 10 నిమిషాలు దాటాక. మళ్లీ పొడిచేది తెల్లవారుజామున 5 గంటల ప్రాంతంలో. ఎనిమిది గంటల రాత్రి కూడా లేదు. మనకు ఆ రోజుల్లో పదకొండు గంటల రాత్రి. పైగా పూర్తి చీకటి కావాలంటే సూర్యుడు దిక్చక్రం కింద 18 డిగ్రీలు దిగాలి. జూలై మధ్యదాకా లండన్‌లో 17 డిగ్రీలకు మించి దిగడు. అందుకే మబ్బు లేని రాత్రి ఉత్తరపు అంచున ఒక లేత వెలుగు ఆరిపోకుండా నిలుస్తుంది.

మరి ఇంత కొంచెం వెలుగులో కన్ను ఎలా చూస్తుంది? కంటి లోపలి తెరలో రెండు రకాల కణాలున్నాయి. రంగులు చూసే శంకువులు ఒక్కో కంట్లో సుమారు 60 లక్షలు. మసక వెలుగులో చూసే దండాలు సుమారు 12 కోట్లు. దండాల్లో రొడాప్సిన్ అనే పదార్థం ఉంటుంది. వెలుగు తగిలితే అది విరిగిపోతుంది, చీకట్లో మళ్లీ తయారవుతుంది. బాగా కూడుకోవడానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది. దాని తయారీకి ఎ విటమిన్ కావాలి. మునగాకు, తోటకూర, క్యారెట్ తినమని మీ అమ్మ వెంటపడేది ఊరికే కాదు తల్లీ. అది లోపిస్తే రేచీకటి వస్తుంది.

ఇప్పుడు ఆ వందల సైకిళ్లను ఊహించుకోండి. ప్రతి సైకిలు వెనకా ఎర్ర దీపం. చీకటి దారి మీద కనుచూపు మేర ఎర్రచుక్కల వరస. మన దండాలకు ఎరుపు దాదాపు కనిపించదు. అందుకని ఎర్రటి వెలుగు రొడాప్సిన్‌ను పెద్దగా చెదరగొట్టదు. అంటే ముందువాడి దీపం వెనకవాడికి దారి చూపిస్తూనే, అతని రాత్రి చూపును కాపాడుతుంది. ఎదురుగా ఒక కారు తెల్ల దీపాలు వేసుకుని వచ్చిందంటే మాత్రం అరగంట కూడబెట్టినది క్షణంలో పోతుంది. అప్పుడు వేగం తగ్గించి, చూపును రోడ్డు ఎడమ అంచు మీదికి మళ్లించాలి.

దీపం అన్నాను కాబట్టి డైనమో మాట కూడా చెప్పాలి. మన ఊళ్లలో ఒకప్పుడు సైకిలు చక్రానికి ఆనించే డైనమో ఉండేది. తొక్కితే వెలుగు, ఆపితే చీకటి. తీగచుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే తీగలో కరెంటు పుడుతుందని 1831లో మైకేల్ ఫారడే చూపించాడు. ఆ డైనమో లోపల జరిగేది అదే. ఇచ్చేది 6 వోల్టులు, 3 వాట్లు. ఆ మూడు వాట్లూ మన కాళ్లే ఇచ్చుకోవాలి. డైనమో ఆనించగానే సైకిలు కొంచెం బరువెక్కినట్టు అనిపించేది అందుకే. ఇప్పుడు చక్రం ఇరుసులోనే ఇమిడిపోయే డైనమోలు వచ్చాయి. రాత్రంతా తొక్కేవాళ్లలో కొందరు వాటినే నమ్ముకుంటారు, బ్యాటరీ అయిపోతుందన్న దిగులు ఉండదు.

ఇక కాళ్ల సంగతి. చదును నేల మీద వేగంగా పోయే సైకిలిస్టు శక్తిలో ఎక్కువ భాగం గాలిని తోసుకుని పోవడానికే ఖర్చవుతుంది. వేగం రెండింతలైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది, దానికి కావలసిన శక్తి ఎనిమిదింతలవుతుంది. ముందు ఒకరు గాలిని చీల్చుకుని పోతుంటే వెనకవాడికి ఆ అడ్డు బాగా తగ్గుతుంది. దగ్గరగా వెనకే వెళ్తే పావువంతు నుంచి మూడో వంతు దాకా శక్తి మిగులుతుంది. అందుకే గుంపులో వంతులేసుకుని ముందుకు వస్తుంటారు. కాళ్లలో సత్తువ ఉన్నవాడు గాలిని కాచుకుంటాడు, అలిసినవాడు వెనక తెరిపిన పడతాడు. రాత్రిపూట మాత్రం ముందు చక్రానికి మరీ ఆనుకుని పోకూడదు. గుంత కనిపించేది ముందువాడికే.

ఇంత దూరానికి ఒంట్లో మూడు నాలుగు వేల కిలోకేలరీలు కరుగుతాయి. కండరాల్లో, కాలేయంలో గ్లైకోజన్ రూపంలో దాచుకున్న చక్కెర రెండు వేలకు మించి ఇవ్వలేదు. కొవ్వు నిల్వ చాలానే ఉంటుంది కానీ నిదానంగా మండుతుంది. పొయ్యిలో పెద్ద మొద్దు ఉంటే సరిపోతుందా? మధ్యమధ్య చిదుగులు వేస్తుంటేనే మంట నిలుస్తుంది. ఒంట్లో కొవ్వు ఆ మొద్దు, పిండిపదార్థాలు ఆ చిదుగులు. కాబట్టి ఆకలి వేయకముందే, గంటగంటకూ కొంచెం కొంచెం తినాలి. అరటిపండు, ఖర్జూరం, వేరుశనగ ఉండ, ఏదైనా మంచిదే. ఆకలేశాక తిందాంలే అనుకున్నవాడికి ఉన్నట్టుండి కళ్లు తిరుగుతాయి, కాళ్లు చచ్చుబడతాయి.

ఇన్ని సాయాలు చేసే రాత్రి ఒక్కటి మాత్రం అడిగి తీసుకుంటుంది, మన నిద్ర. మెదడు అడుగున, హైపోథాలమస్‌లో, కంటి నరాలు ఒకదానినొకటి దాటే చోటికి కొంచెం పైన ఒక చిన్న కణాల గుత్తి ఉంది. సుమారు ఇరవై వేల నాడీకణాలు. ఒంటికి వేళలు చెప్పే గడియారం అదే. ఇలాంటి గడియారం కణాల్లో ఎలా నడుస్తుందో ఈగల్లో కనిపెట్టినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్ అనే ముగ్గురికి 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. రాత్రి ఈ మెదడు గడియారం మెలటోనిన్ అనే హార్మోనును విడుదల చేయిస్తుంది. ఒంటి వేడి మెల్లగా తగ్గుతూ వచ్చి తెల్లవారుజామున నాలుగు ప్రాంతంలో అన్నిటికంటే కిందికి దిగుతుంది. సరిగ్గా ఆ వేళకే బయట నేల కూడా బాగా చల్లబడి ఉంటుంది. చల్లగాలి బరువు కాబట్టి పల్లంలోకి జారి అక్కడే నిలుస్తుంది. దారి పల్లంలోకి దిగినప్పుడల్లా మోకాళ్ల దాకా చలి తెలుస్తుంది. ఒళ్లు చల్లన, గాలి చల్లన, రెప్పలు బరువు. ఒంటరిగా పోయేవాడికి ఇదే గండం.

గుంపు అసలు విలువ తెలిసేది ఇక్కడే. లండన్ నుంచి మరో బృందం కూడా ఉంది. శుక్రవారం అర్ధరాత్రి హైడ్ పార్క్ కార్నర్ దగ్గర కలుసుకుని బ్రైటన్ లాంటి తీరపు ఊళ్లకు వెళ్తారు. వాళ్ల పద్ధతి నాకు ఎంతో నచ్చింది. ప్రతి మలుపులో ఒకరు ఆగి, వెనక వచ్చే అందరికీ దారి చూపిస్తారు. అందరికంటే వెనక కొందరు అనుభవజ్ఞులు వస్తారు. ఎవరి ట్యూబు పంక్చరైనా, ఎవరి గొలుసు ఊడినా, వాళ్లు ఆగి బాగుచేసి వెంట తీసుకొస్తారు. వాళ్లు దాటిపోయాకే మలుపులోని మనిషి కదులుతాడు. సగం దారిలో అందరూ ఒకచోట చేరి వేడిగా ఏదైనా తాగి, తిని, మళ్లీ బయల్దేరతారు. తెల్లవారుజాము నాలుగింటి నిద్రమత్తుకు పక్క సైకిలు మీది మనిషి మాటకు మించిన మందు లేదు. మాట ఆగిపోయిన మనిషిని పక్కవాడే ముందు గుర్తిస్తాడు, ఆగి కాసేపు కూర్చోమంటాడు.

ఆ తర్వాత తూర్పు తెల్లబడుతుంది. డనిచ్ తూర్పు తీరం, మన విశాఖ, మచిలీపట్నం లాగే సముద్రం మీద పొద్దు పొడిచే చోటు. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది కాబట్టి తూర్పున ఉన్న డనిచ్‌లో లండన్ కంటే కొన్ని నిమిషాలు ముందే సూర్యుడు కనిపిస్తాడు. మన కంట్లో చూడటానికి కాక, తెల్లవారిందని మెదడుకు కబురు పంపడానికే కొన్ని కణాలున్నాయని 2002లో తేలింది. వాటిలోని మెలనాప్సిన్ నీలి వెలుగును బాగా పట్టుకుంటుంది. తెల్లవారుజాము ఆకాశం నిండా ఉండేది ఆ నీలి వెలుగే. అది అందగానే మెలటోనిన్ వెనక్కి తగ్గుతుంది, మత్తు విడుతుంది. రాత్రంతా తొక్కిన మనిషికి పొద్దుటి వేళ కొత్త సత్తువ వచ్చినట్టు అనిపించేది ఇందువల్లే. అది చూసి మోసపోకూడదు సుమా. నిద్ర బాకీ అలాగే ఉంటుంది. అలాంటి రాత్రి గడిపినవాడు ఆ పొద్దున కారు నడపకూడదు. రైలో, బస్సో ఎక్కాలి.

చేరే ఊరి కథ కూడా వినండి. డనిచ్ ఒకప్పుడు పేరున్న రేవుపట్నం. తీరమంతా మెత్తటి ఇసుక గట్టు, కెరటం తగిలితే కోసుకుపోతుంది. 1286, 1328 తుపానులు రేవును దెబ్బతీశాయి. వీధికి వీధి సముద్రంలో కలిసింది. ఆల్ సెయింట్స్ అనే చివరి పాత చర్చి కూడా 1904 నుంచి 1919 మధ్య ముక్కలుముక్కలుగా గట్టు మీద నుంచి జారిపోయింది. ఆ నీళ్లు బురదగా ఉంటాయి, వెలుగు చొరదు. అందుకని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ సియర్ బృందం వెలుగు బదులు శబ్దాన్ని పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనులతో మునిగిన చర్చిల శిథిలాలను చూసింది. మన ఉప్పాడ తీరాన్ని కూడా సముద్రం ఏటా కోస్తూనే ఉంది. తీరం స్థిరంగా ఉండేది కాదని, ఇసుకనూ మడచెట్లనూ కాపాడుకోవాలని డనిచ్ నేర్పే పాఠం మనకూ పనికొస్తుంది.

మీకూ వెళ్లాలని ఉందా? మీ వయసుకు రాత్రంతా వద్దు. బాపట్ల నుంచి సూర్యలంక తొమ్మిది కిలోమీటర్లే. మార్గశిర పున్నమి రోజులు చూసుకోండి. లండన్ జూలైకి తిరగబడి, ఆ నెలలో పున్నమి చంద్రుడు అర్ధరాత్రికి నెత్తిమీదికి వస్తాడు, వెన్నెల తిన్నగా దారి మీద పడుతుంది. తెల్లవారుజాముకు పడమటికి వాలినా ఇంకా వెలుగు ఇస్తూనే ఉంటాడు, ఆ వేళ పెద్దవాళ్లను వెంటబెట్టుకుని బయల్దేరండి. ముందు తెల్ల దీపం, వెనక ఎర్ర దీపం, నెత్తిన హెల్మెట్, సంచిలో వేరుశనగ ఉండలు, పంక్చరు సామాను ఉండాలి. మలుపు మలుపుకీ ఒకరు నిలబడండి. మీలో గట్టిగా తొక్కగలవాళ్లే అందరికంటే వెనక రండి. చివరి సైకిలు ఇసుక దగ్గర స్టాండు వేసేదాకా ఎవరూ ఫలహారాల మూట విప్పకండి.